ముందు స్టాంపు, తర్వాతే టికెట్టు

(మన కాగితాలు – 9)



పోయిన భాగంలో బర్త్ సర్టిఫికెట్ల గురించి రాశాక చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "మేడం, ఇంటర్వ్యూ వచ్చే నెల. టికెట్లు ఇప్పుడు చవగ్గా ఉన్నాయి. తీసేసుకోమంటారా?" అడిగినవాళ్ళు మన పిల్లలే. కొందరు నర్సు ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు దారిలో అమెరికా వెళ్తున్నవాళ్ళు. కొందరు అక్కడున్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్తున్నవాళ్ళు. కొందరు చదువుకు వెళ్తున్నవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఇక్కడే రాస్తున్నాను.

నా జవాబు ఒక్క ముక్కలో చెప్తాను. వద్దు. పాస్‌పోర్టులో వీసా పడాలి. ఆ పాస్‌పోర్టు మీ చేతికి రావాలి. అందులో పేరు, పుట్టిన తేదీ, గడువు సరిగ్గా ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోవాలి. అప్పటిదాకా టికెట్టు మీద ఒక్క రూపాయి పెట్టొద్దు.

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. ఇమ్మిగ్రెంట్ వీసా చేతికి వచ్చేదాకా ఇల్లూ ఆస్తీ అమ్ముకోవద్దు, ఉద్యోగం మానేయొద్దు, డబ్బు తిరిగిరాని టికెట్లు కొనొద్దు అని అమెరికా విదేశాంగ శాఖే దరఖాస్తుదారులకు చెప్తుంది. ఇంత స్పష్టంగా చెప్పినా మనవాళ్ళు ఎందుకు కొంటున్నారు? తెలివితక్కువై కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది, ఆ లెక్కలో కులమూ ఉంది. అసలు రాయాలనుకున్నది దాని గురించే.

ముందు ఈ దారి ఎలా ఉంటుందో చూద్దాం. ఇమ్మిగ్రెంట్ వీసాకి మామూలుగా అక్కడున్న కుటుంబ సభ్యులో, ఉద్యోగం ఇచ్చే సంస్థో ముందు పిటిషన్ వేయాలి. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టాలి, డీఎస్-260 ఫారం నింపాలి, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. తర్వాత మెడికల్, పోలీస్ క్లియరెన్స్, ఆఖర్న ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా, ఈ రకం వీసాకి మనవాళ్ళు ముంబై వెళ్ళాల్సిందే.

ఈ దారిలో "అప్రూవ్ అయింది" అనే మాట ఒకటికి రెండుసార్లు వినపడుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. పిటిషన్ అప్రూవ్ అయిందంటే దరఖాస్తు పెట్టుకునే అర్హత వచ్చిందని మాత్రమే. వీసా వచ్చినట్టు కాదు. ఇంటర్వ్యూ లెటర్ వచ్చిందంటే పిలిచారని మాత్రమే. ఇంటర్వ్యూలో ఆఫీసరు నవ్వుతూ "మీ వీసా అప్రూవ్ చేస్తున్నాం" అన్నా, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది. అది వీసాతో తిరిగొచ్చేదాకా పని పూర్తికానట్టే.

మధ్యలో ఆగిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి, 221(జి) స్లిప్పు. ఆ చట్టంలోని ఒక సెక్షన్ పేరే అది. ఏదో కాగితం తక్కువైందనో, ఇంకా తనిఖీ చేయాలనో అప్పటికి వీసా నిరాకరిస్తారు. అడిగింది ఇస్తే, తనిఖీ పూర్తయితే మళ్ళీ చూస్తారు. అది వారంలో తేలొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఎవరూ తేదీ చెప్పరు.

రెండోది, కోటా. అమెరికా పౌరుల భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పెళ్ళికాని మైనరు పిల్లలకు సంఖ్యా పరిమితి లేదు. మిగతా కుటుంబ, ఉద్యోగ కేటగిరీల్లో పరిమితి ఉంది. ఏడాదికి ఇచ్చేవాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతం మించకూడదు. అందుకే నెలనెలా వీసా బులెటిన్ చూసుకోవాలి. అందులో తేదీలు ముందుకే కాదు, వెనక్కీ జరుగుతాయి. వాళ్ళ ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. ఆలోపే నంబర్లు అయిపోతే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఆగాల్సిందే.

మూడోది, పైనుంచి ఊడిపడే ఉత్తర్వులు. 2017 జనవరి 27న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వుతో ఏడు దేశాలవాళ్ళు చేతిలో వీసా ఉండి కూడా విమానాశ్రయాల్లో ఆగిపోయారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి. ఆ ఏప్రిల్‌లో చాలా రకాల ఇమ్మిగ్రెంట్ వీసాలను 60 రోజులు నిలిపేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ 60 రోజులు సాగి సాగి, 2021 ఫిబ్రవరిలో బైడెన్ రద్దు చేసేదాకా నడిచాయి. 2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపి, జూన్‌లో సోషల్ మీడియా తనిఖీతో మళ్ళీ మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబర్‌లో అదే తనిఖీ పేరుతో హెచ్-1బీ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవుకని వచ్చి తిరుగు టికెట్టు జేబులో పెట్టుకున్న ఇంజినీర్లు కూడా ఇక్కడే చిక్కుకుపోయారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇమ్మిగ్రెంట్ వీసా వచ్చాక మామూలుగా ఆరు నెలల దాకా గడువు ఉంటుంది. మెడికల్ ముందే చేయించుకుని ఉంటే ఆ గడువు తగ్గొచ్చు. అయినా టికెట్టు కొనుక్కోవడానికి సరిపడా సమయం దాదాపు అందరికీ మిగులుతుంది. అంటే తొందరపడాల్సిన అవసరాన్ని ఆ చట్టం పెట్టలేదు. ఆ తొందర ఇంకెక్కడినుంచో వస్తోంది.

ఎక్కడినుంచి వస్తోందో చూద్దాం.

ఒకటి, ధర. "ఇప్పుడు కొంటే 70 వేలు, తర్వాత 85 వేలు" అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆగి కొంటే పోయేది 15 వేలు. ఇప్పుడు కొని వీసా రాకపోతే పోయేది దాదాపు 70 వేలు. 15 వేలు మిగుల్చుకోవడానికి 70 వేలు పందెం కాస్తున్నామన్నమాట. పైగా ఆ 70 వేలు మన డబ్బు కాదు, అప్పు.

రెండోది, ఏజెంట్లు. "టికెట్టు చూపిస్తే ఆఫీసరుకి నమ్మకం కుదురుతుంది" అని చెప్పేవాళ్ళున్నారు. షెంగెన్ వీసాలకు ప్రయాణ రిజర్వేషన్ వివరాలు అడుగుతారు, అక్కడ పుట్టిన మాట ఇది. అమెరికా ఇమ్మిగ్రెంట్ వీసాకి టికెట్టు చూపించక్కర్లేదు. ఇంకొందరు "డమ్మీ టికెట్టు" అమ్ముతారు. ఆ జోలికి అసలు పోవద్దు. దొంగ కాగితం చూపించి దొరికితే వీసా పోవడం ఒక్కటే కాదు, తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది.

మూడోది, విశ్వాసం. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, పని అయ్యాక 108 చేస్తారు. మన పేటల్లో ఉపవాస ప్రార్థనలు పెట్టించుకుంటారు. ఎవరి నమ్మకం వాళ్ళది, నాకు అభ్యంతరం లేదు. కానీ "నమ్మకం ఉంటే టికెట్టు తీసి పెట్టుకో" అని ఎవరన్నా అంటే, వాళ్ళు మీ విశ్వాసానికి మీ అమ్మ చేత వడ్డీ కట్టిస్తున్నారని గుర్తుపెట్టుకోండి. గుడిలో కూడా 108 ప్రదక్షిణలు పని అయ్యాకే కదా.

నాలుగోది, ఊరి కళ్ళు. ఇది ఎవరూ పైకి ఒప్పుకోరు. ఇంటర్వ్యూ లెటర్ వచ్చిందంటే సరిపోదు, తేదీ చెప్పాలి. "ఎప్పుడు వెళ్తున్నారు?" అని ఊళ్ళో అడిగితే టికెట్టు మీదున్న తేదీ చెప్పడంలో ఒక గౌరవం ఉంది. మనల్ని ఎన్నడూ దేనికీ లెక్కలోకి తీసుకోని ఊళ్ళో ఆ గౌరవం చిన్నదేమీ కాదు. అందుకే దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ దాని ఖరీదు ఎంతో చెప్తాను.

మా చిన్నమ్మ కూతురు నర్సు. గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదమూడేళ్ళు చేసింది, ఎక్కువ నైట్ డ్యూటీలే. ఐఈఎల్‌టీఎస్ రెండుసార్లు రాసింది, ఎన్‌క్లెక్స్ పాసయింది, వీసాస్క్రీన్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఈబీ-3 కేటగిరీలో పిటిషన్ పడ్డాక ఏళ్ళు గడిచాయి. ఇంటర్వ్యూ లెటర్ వచ్చిన రోజు పేటంతా పండగ చేసుకున్నారు. వారం తిరక్కుండా అక్క, బావ, ఇద్దరు పిల్లలు, నలుగురికీ టికెట్లు తీశారు. 2,96,000 రూపాయలు. అందులో చాలావరకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. మిగతాది అక్క మెళ్ళో గొలుసు తాకట్టు. టికెట్టు తేదీ ఉంది కదా అని అక్క ఉద్యోగానికి రాజీనామా చేసింది. పిల్లలకు బళ్ళో టీసీ తీసుకున్నారు.

ఇంటర్వ్యూలో స్లిప్పు వచ్చింది. బావ పేరు పదో తరగతి మెమోలో ఒకటి, చర్చి పెళ్ళి రిజిస్టరులో ఇంకొకటి. ఇద్దరూ ఒకే మనిషని రుజువు చూపించమన్నారు. అడగడంలో ఆఫీసరు తప్పు లేదు. ఆ రుజువులు కూడగట్టి పంపి, జవాబు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోపు టికెట్ల తేదీ దాటిపోయింది. తిరిగొచ్చింది 41 వేలు. ఆసుపత్రివాళ్ళు అక్క స్థానంలో అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో జీతం లేదు, పిల్లలకు బడి లేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. చివరికి వీసా వచ్చింది. మళ్ళీ నాలుగు టికెట్లకు మళ్ళీ అప్పు చేశారు. ఇప్పుడు వాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు. కానీ ఆ నాలుగు నెలల్లో చిన్నమ్మ నిద్రపోయిన రాత్రులు తక్కువ.

ఇదే స్లిప్పు హైదరాబాద్‌లో సొంత ఇల్లున్న కుటుంబానికీ రావొచ్చు, వస్తుంది కూడా. వాళ్ళు విసుక్కుంటారు, క్యాన్సిలేషన్ చార్జీ కడతారు, మళ్ళీ కొంటారు. స్లిప్పు ఒకటే, దెబ్బ మాత్రం ఒకటి కాదు. అమెరికాలో ఉన్న మీ క్లాస్‌మేట్ "మేం ముందే బుక్ చేశాం, ఏం కాలేదు" అంటే, అది అబద్ధం కాదు. ఏదన్నా అయినా వాళ్ళు తట్టుకోగలిగేవాళ్ళు. వాళ్ళ సలహాలో ఆ సంగతి కనపడదు.

రెండో సంగతి ఇంకా లోతైనది. మన ఫైళ్ళలో ఇలాంటి చిక్కులు పడే అవకాశమే ఎక్కువ. ఎందుకో ఆలోచించండి. మన పెద్దవాళ్ళలో చాలామంది ఇంట్లో పుట్టారు, పంచాయతీలో నమోదు లేదు. బళ్ళో చేర్చుకున్న రోజు హెడ్మాస్టరు తోచిన జూన్ తేదీ ఒకటి రాశాడు. పేరు కూడా ఆయనకి వినపడినట్టే రాశాడు. ఇక క్రైస్తవ కుటుంబాల సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. అందుకే మన ఇళ్ళలో సర్టిఫికెట్టుకో పేరు, చర్చికో పేరు ఉండిపోయాయి. రెండు పేర్లతో బతకమని మనల్ని అక్కడ నిలబెట్టింది ఈ దేశపు చట్టమే. తీరా సముద్రం దాటేటప్పుడు ఇంకో దేశం ఆఫీసరు ఈ రెండు పేర్లలో నువ్వు ఎవరివి అని అడుగుతాడు. ఆయనకి మన కులం తెలియదు, అక్కర్లేదు కూడా. అయినా కులం ఆ ఫైల్లో ఉంది, పేర్ల తేడా రూపంలో.

కాబట్టి ఇంటర్వ్యూ రోజే పని అయిపోతుందన్న లెక్క మనం వేసుకోకూడదు.

ఇక్కడ బాబాసాహెబ్‌ని తలచుకోకుండా ఉండలేను. ఆయన 1930లలో రాసుకున్న చిన్న ఆత్మకథనానికి పెట్టిన పేరే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అందులో పాస్‌పోర్టు వీసా గురించి ఒక్క ముక్క ఉండదు. ఉన్నదంతా సొంత దేశంలో అంటరానివాడికి అడుగడుగునా కావాల్సి వచ్చిన అనుమతి గురించి. మొదటి ఘటన 1901 నాటిది. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. పిల్లలు సతారా నుంచి, వస్తున్నామని ముందే ఉత్తరం రాసి, కొత్త బట్టలు కట్టుకుని, టికెట్లు కొనుక్కుని రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగారు. ఎవరూ రాలేదు, ఎందుకంటే ఆ ఉత్తరం తండ్రికి అందలేదు. మహర్లని తెలిశాక బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునే షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. దారంతా తిండి దగ్గరున్నా తాగడానికి నీళ్ళు దొరకలేదు.

ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. ఉత్తరం రాశారు, టికెట్టు కొన్నారు, వేళకి దిగారు. టికెట్టు వాళ్ళని స్టేషన్ దాకా మాత్రమే తీసుకెళ్ళింది. అక్కడినుంచి ముందుకు పోనివ్వడం ఇంకొకరి చేతిలో ఉంది. మన జాషువా 'గబ్బిలం'లో కూడా గుళ్ళోకి పోలేని మనిషి, పోగలిగిన గబ్బిలంతో తన మాట పంపుకుంటాడు. మన సాహిత్యంలో ప్రయాణం అంటే దూరం గురించి కంటే గుమ్మం గురించే ఎక్కువ. ఈ తరానికైనా ఆ సంగతి గుర్తుండాలి. డబ్బుతో కొనగలిగేది దూరాన్నే. గుమ్మం తెరుచుకుందని తెలిశాకే ఆ దూరాన్ని కొనాలి.

ఇప్పుడు చదువుకి వెళ్ళే పిల్లల సంగతికి వస్తాను. వాళ్ళ విషయంలో తప్పు ఏజెంటుది మాత్రమే కాదు, ప్రభుత్వానిది కూడా. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. 20 లక్షల దాకా సాయం. పోరాడి తెచ్చుకున్న మంచి పథకం, దాన్ని కాపాడుకోవాలి. కానీ డబ్బు ఇచ్చే పద్ధతి చూడండి. మొదటి విడత విద్యార్థి అక్కడ దిగినట్టు ఐ-94 లాంటి రుజువు చూపించాక. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. విమాన చార్జీ కూడా లెక్కలో ఉంది, కానీ చేతికొచ్చేది ప్రయాణం అయ్యాకే. ఆపైన బకాయిలు. వెళ్ళి చదువు సగమయినా డబ్బు పడక ఎదురుచూసిన పిల్లలున్నారని మీకు నేను చెప్పక్కర్లేదు.

వరస ఎలా ఉందో చూడండి. డబ్బుంటేనే వీసా. వీసా ఉంటేనే ప్రయాణం. ప్రయాణం అయితేనే ప్రభుత్వం డబ్బు. మధ్యలో టికెట్టు కొనాల్సింది ఎవరు? కూలికి పోయే తల్లి, వడ్డీ వ్యాపారి దగ్గర. ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబమని తేల్చుకున్నాకే కదా ఎంపిక చేసింది? ఆ కుటుంబం టికెట్టు డబ్బు ముందు ఎక్కడినుంచి తెస్తుందని అనుకున్నారు?

నేను అడిగేది పెద్ద విషయం కాదు. ఎంపికైన విద్యార్థి వీసా పడిన పాస్‌పోర్టు చూపించిన వారం లోపల టికెట్టు డబ్బు ఇవ్వాలి. లేదా సంక్షేమ శాఖే టికెట్టు కొనివ్వాలి. దుర్వినియోగం భయం ఉంటే టికెట్టు నేరుగా విద్యార్థి పేరు మీదే తీయొచ్చు. కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న డబ్బు ఇచ్చే రోజు మారిస్తే చాలు. ఆ ఒక్క మార్పుతో మన పిల్లలు ముందే అప్పు చేసి టికెట్టు కొనాల్సిన అవసరం పోతుంది. విద్యార్థి సంఘాల మిత్రులు ఈసారి వినతిపత్రంలో బకాయిల డిమాండ్ పక్కనే దీన్ని కూడా రాయండి.

ఈలోపు మన చేతిలో ఉన్నవి:

పేర్ల తేడాలు ఇంటర్వ్యూకి ముందే సరిచేసుకోండి. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

టికెట్టు డబ్బు సమకూర్చుకోండి, కానీ ఖర్చు పెట్టకండి. చీటీ ఉంటే పాడకుండా ఉంచండి. వీసా వచ్చిన నెలలో పాడండి.

ఉద్యోగానికి రాజీనామా, పిల్లల టీసీ, ఇంటి సామాను అమ్మకం, ఇవన్నీ పాస్‌పోర్టు చేతికొచ్చాకే.

చదువుకు వెళ్ళేవాళ్ళకు సమయం తక్కువ, నిజమే. ఎఫ్-1 మీద కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు అక్కడికి పోనివ్వరు. వీసా ఆలస్యమైతే ఆఖరి తేదీ ఎప్పుడో, ఆలస్యంగా చేరనిస్తారో, తర్వాతి సెమిస్టర్‌కి మారుస్తారో యూనివర్సిటీకి ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు కంగారు పడొద్దు. టికెట్టు షరతులు చదవండి. వీసా తేలేలా లేకపోతే ప్రయాణం తేదీకి ముందే క్యాన్సిల్ చేయండి, రోజు దాటనివ్వొద్దు. మన దేశపు విమాన సంస్థల టికెట్టయితే, "నాన్ రిఫండబుల్" అని రాసి ఉన్నా పన్నులు, విమానాశ్రయ ఫీజులు తిరిగివ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. ఏజెంటు "ఏమీ రాదు" అంటే నమ్మి ఊరుకోకండి, లిఖితపూర్వకంగా అడగండి.

ఊళ్ళో ఎవరన్నా "ఎప్పుడు ప్రయాణం?" అంటే "వీసా రాగానే" అనండి. ఆ మాట అనడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. అప్పు లేకుండా బయల్దేరడం కూడా గౌరవమే.

వచ్చే భాగంలో రెండు పేర్ల సమస్య గురించి, అఫిడవిట్లు, నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్టు ఎలా తెచ్చుకోవాలో వివరంగా రాస్తాను. ఈ దారిలో వెళ్ళి వచ్చినవాళ్ళు మీ అనుభవాలు రాయండి. ఇంకో ఇంట్లో ఒక గొలుసు తాకట్టుకి పోకుండా ఆగుతుంది.

జై భీమ్.